అద్దాలు వచ్చాయి సరే, మళ్ళీ పరీక్ష ఎప్పుడు?

(పింఛనుదారులు, ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల అవగాహన సమావేశంలో జిల్లా పౌర సంబంధాల అధికారి చేసిన ప్రసంగ పాఠం. ఫోన్లో చదువుకోండి. చదవలేని పెద్దలుంటే దయచేసి చదివి వినిపించండి.)



పింఛను గురించో, రేషన్ కార్డు గురించో చెప్తారని మీలో కొందరు వచ్చి ఉంటారు. పింఛను మాట కూడా మధ్యలో వస్తుంది. ముందు మాత్రం మీ కళ్ళ గురించి మాట్లాడుకుందాం.

ఈ రైతు వేదికలో కూర్చున్న చాలామంది దగ్గర కంటి వెలుగు అద్దాలు ఉన్నాయి. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ఆ కార్యక్రమం మొదలైంది. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా కంటి పరీక్షలు చేశారు. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది. మీకు గుర్తుండే ఉంటుంది. బృందం ఊళ్ళోకే వచ్చింది. ఆధార్ చూసి పేరు రాసుకున్నారు. మిషన్ ముందు గడ్డం ఆనించి కూర్చోమన్నారు. గోడ మీది అక్షరాలు చదవమన్నారు. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే ఇచ్చారు. పవర్ చూసి తయారు చేయాల్సినవి తర్వాత తెచ్చి ఇచ్చారు.

ఆ తర్వాత మీలో ఎంతమంది మళ్ళీ కళ్ళు చూపించుకున్నారు?

ఈ ప్రశ్న ఎక్కడ అడిగినా వచ్చే జవాబు ఒకటే. "అద్దాలు ఉన్నయి కద సారూ, మళ్ళెందుకు?" ఈ రోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబే. అద్దాలు ఇచ్చిన రోజు మీ కన్ను ఎట్లా ఉందో అద్దాలు దాని ప్రకారమే ఇచ్చారు. కన్ను అక్కడే ఆగిపోదు. వయసుతో మారుతుంది, షుగర్‌తో మారుతుంది, బీపీతో మారుతుంది. పాత అద్దం మారిన కన్నును కనిపెట్టలేదు. దాన్ని కనిపెట్టేది పరీక్ష ఒక్కటే.

ఇప్పుడే ఒక చిన్న పని చేయండి

మీ కుడి అరచేత్తో కుడి కన్ను మూయండి. నొక్కొద్దు, ఊరికే కప్పండి. దూరం అద్దాలుంటే పెట్టుకునే చూడండి. ఎడమ కంటితో గోడ మీది క్యాలెండర్ చూడండి. తేదీలు కనబడుతున్నాయా? గీతలు తిన్నగా ఉన్నాయా, వంకరగా ఉన్నాయా? ఇప్పుడు చెయ్యి మార్చి రెండో కంటితో చూడండి. రెండూ ఒకేలా ఉన్నాయా?

ఇది ఎందుకు చేయమంటున్నానంటే, మనకు రెండు కళ్ళు ఉండడం వల్ల ఒక ఇబ్బంది ఉంది. ఒక కంట్లో చూపు తగ్గినా రెండోది ఆ లోటు పూడుస్తూ పోతుంది. రోడ్డు కనబడుతుంది, మనుషులు కనబడతారు, పని నడుస్తుంది. ఏ దుమ్మో పడి మంచి కన్ను మూసుకున్న రోజున "అయ్యో, ఈ కన్ను అసలు కనబడతలేదే" అని తెలుస్తుంది. అప్పటికి అది ఎన్నాళ్ళ కింద మొదలైందో ఎవరూ చెప్పలేరు.

నెలకోసారి పింఛను తీసుకున్న రోజున ఈ పని చేసుకోండి. ఏ మాత్రం తేడా ఉన్నా దవాఖానకు పోవాలి. తేడా లేకపోతే అంతా బాగున్నట్టేనని మాత్రం అనుకోవద్దు. ఎందుకో చెప్తాను.

నొప్పి లేకుండా చూపు తీసే జబ్బులు

పన్ను పాడైతే నొప్పి పెడుతుంది. మోకాలు అరిగితే లేవనివ్వదు. కన్ను చాలాసార్లు అట్లా కాదు. లోపల పాడవుతున్నా పైకి ఎర్రబడదు, నీరు కారదు, గుచ్చుకోదు.

మొదటిది నీటికాసులు. డాక్టర్లు గ్లకోమా అంటారు. ఎక్కువ మందిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి, కన్ను నుంచి మెదడుకు పోయే నరం కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. ముందు పక్క చూపు పోతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి అక్షరాలు చదవమంటే గడగడా చదివేస్తారు. కానీ పక్క నుంచి వచ్చే బండి కనబడదు, గడప తగులుతుంది. "వయసైంది, తడబడుతున్నడు" అని ఇంట్లో వాళ్ళు సరిపెట్టుకుంటారు. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. ముందే తెలిస్తే చుక్కల మందుతోనో, లేజర్‌తోనో, ఆపరేషన్‌తోనో మిగిలిన చూపు కాపాడుకోవచ్చు. మీ అమ్మకో, నాన్నకో, తోడబుట్టిన వాళ్ళకో ఈ జబ్బు ఉంటే మీకూ వచ్చే అవకాశం ఎక్కువ. పరీక్షకు పోయినప్పుడు ఆ సంగతి మీరే ముందు చెప్పండి.

రెండోది షుగర్ వల్ల వచ్చేది. కన్ను వెనకాల రెటీనా అనే పొర ఉంటుంది. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే ఆ పొరలోని సన్నటి రక్తనాళాలు కారడం మొదలవుతుంది. మొదట్లో చూపు ఏమీ తగ్గదు. తగ్గిందని మీకు తెలిసే సరికి లోపల చాలా జరిగి ఉంటుంది. అందుకే షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ, చూపు బాగున్నా సరే, ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని లోపలి పొర చూపించుకోవాలి. పీహెచ్‌సీలో నెల నెలా షుగర్ బిళ్ళలు తీసుకుంటున్నారు కదా. ఆ బిళ్ళలు వాడుతున్నంత మాత్రాన కన్ను పరీక్ష అయినట్టు కాదు. అది వేరే పరీక్ష. అడిగి చేయించుకోండి.

శుక్లం: పోగొట్టుకోవాల్సిన చూపు కాదు

శుక్లం అనండి, పొర అనండి, మోతిబిందు అనండి, అంతా ఒకటే. కంటి లోపల అద్దంలా ఉండే కటకం మసకబారడం. 2015-19లో దేశమంతా చేసిన జాతీయ అంధత్వ సర్వేలో, 50 ఏళ్లు దాటి చూపు పోయిన ప్రతి వంద మందిలో 66 మందికి కారణం శుక్లమే అని తేలింది. ఈ లెక్క బాధ కలిగించేదే. కానీ ఇందులో ఆశ కూడా ఉంది. నీటికాసుల్లా కాకుండా, శుక్లంతో మసకబారిన చూపు ఆపరేషన్‌తో చాలామందికి తిరిగి వస్తుంది. మసక కటకం తీసి కొత్తది పెడతారు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి ఉంది. దాని కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కటకంతో సహా ఈ ఆపరేషన్ ఉచితం.

మరి ఉచితమైనా ఎందుకు ఆగిపోతున్నారు? మీరు చెప్పే మాటలే చెప్తాను. నాట్లు అయినంక పోతా. కలుపు అయినంక పోతా. బతుకమ్మ పండుగ పోనీ. కోతలు కానీ. ఎండలు తగ్గనీ. ఇట్లా రెండేళ్లు పోతాయి. ఇంతలో పొయ్యి దగ్గర చెయ్యి కాలుతుంది, బావి గట్టు మీద కాలు జారుతుంది, బీపీ బిళ్ళకు బదులు ఇంకో బిళ్ళ వేసుకుంటారు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన పెద్దమ్మ ఎందుకు పడిందని అడిగితే, చాలాసార్లు కథ మసక చూపు దగ్గరే మొదలవుతుంది.

ముఖ్యంగా అక్కలకు చెప్తున్నాను. "నేను పోతే ఇంట్ల వండేదెవరు, నా వెంట వచ్చేదెవరు" అని మీరు ఆగుతారు. ఇది కొడుకులు, కోడళ్ళు, బిడ్డలు, అల్లుళ్ళు వినాల్సిన మాట. అమ్మ అడగదు. మీరే అడగండి. ఒక్క రోజు పని మానుకుని వెంట పోండి.

పని చేసే చేతికి కన్నే ఆధారం

చత్వారం అనే మాటలోనే నలభై ఉంది. చాళీశంలోనూ నలభయ్యే ఉంది. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుందని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. అది జబ్బు కాదు, అందరికీ వస్తుంది. కానీ బీడీలు చుట్టే అక్కకు తునికాకు అంచు కనబడకపోతే రోజుకు చుట్టే బీడీలు తగ్గుతాయి, తప్పులు తీసేస్తే కూలీ తగ్గుతుంది. సాంచా నడిపే అన్నకు తెగిన పోగు కనబడకపోతే బట్ట పాడవుతుంది. కుట్టు మిషన్ అక్క సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలుస్తుంది. తాడి చెట్టు ఎక్కే గీత అన్నకు చూపు తగ్గితే అది ప్రాణం మీదికి వస్తుంది. సరైన అద్దం ఉంటే ఆ కూలీ నిలబడుతుంది, ఆ ప్రాణం నిలబడుతుంది.

ఇంట్లో ఒకే అద్దం పెట్టుకుని ఆలుమగలిద్దరూ వాడుకోవద్దు. ఒకరి పవర్ ఇంకొకరికి సరిపోదు, తలనొప్పి వస్తుంది. శుక్లం ఆపరేషన్ అయిన వాళ్ళు పాత అద్దం పక్కన పెట్టండి. కన్ను కుదుటపడ్డాక డాక్టర్ చెప్పినప్పుడు పోయి కొత్త పవర్ రాయించుకోండి.

పిల్లలు చెప్పరు, మనమే చూడాలి

చిన్నప్పటి నుంచి మసకగానే కనిపించే పిల్లకు లోకం అట్లాగే ఉంటుందనే తెలుసు. "నాకు కనబడతలేదు" అని ఎట్లా చెప్తుంది? టీవీ దగ్గరికి జరిగి కూర్చోవడం, పుస్తకం ముక్కుకు ఆనించి చదవడం, బోర్డు మీద రాసింది పక్క పిల్లను చూసి రాసుకోవడం, కళ్ళు చికిలించడం, తరచూ తలనొప్పి. ఇవి కనిపిస్తే "చదువు రాదు" అని తిట్టే ముందు కళ్ళు చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. ఆ రోజు పిల్లల్ని తప్పకుండా పంపండి.

మెల్లకన్ను అదృష్టమని మన దగ్గర ఒక మాట ఉంది. ఆ మాట నమ్మి ఆలస్యం చేస్తే ఆ కన్ను పనిచేయడం మానేస్తుంది. చిన్న వయసులో చికిత్స చేస్తేనే ఫలితం బాగా ఉంటుంది. కంటి పాపలో తెల్లగా మెరుపు కనిపిస్తే, ఫోన్లో ఫోటో తీసినప్పుడు ఒక కన్ను మాత్రం తెల్లగా వస్తే, ఆ వారంలోనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. అది కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు 30 రోజుల లోపల రెటీనా పరీక్ష చేయించాలి. ఆ పరీక్షకు గడువు దాటితే తర్వాత చేయగలిగింది తక్కువ.

తొమ్మిది నెలలకు మొదలుపెట్టి అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి విటమిన్ ఏ చుక్కలు వేయించండి. మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి, గుడ్డు ఇంట్లో తినిపించండి.

కంట్లో ఏదైనా పడితే

వరి కోతల కాలంలో ఆకు కొస గీరుకోవడం, వడ్ల దుమ్ము పడడం మామూలే. ఆ తర్వాత చేసే పనులే కన్ను తీస్తాయి. ఆకు పసరు పిండొద్దు. తల్లిపాలు పోయొద్దు. ఆముదం వేయొద్దు. నాలుకతో తీయించొద్దు. మెడికల్ షాపుకు పోయి "కళ్ళు ఎర్రగున్నయి, ఏదైనా చుక్కల మందు ఇయ్యి" అని అడగొద్దు. కొన్ని చుక్కల మందుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది. ఆకు గీరుకున్న కంట్లో ఫంగస్ పుండు ఉంటే దాంతో ఇంకా ముదురుతుంది. నెలల తరబడి వాడితే నీటికాసులు కూడా వస్తాయి.

సున్నం, పురుగుమందు, యాసిడ్ పడితే దవాఖానకు పరుగెత్తడానికి ముందే కడగాలి. కన్ను తెరిచి పట్టుకుని శుభ్రమైన నీళ్ళు ధారగా కనీసం పావుగంట పోయండి. తర్వాత 108కి ఫోన్ చేయండి. వెల్డింగ్ చేసే తమ్ముళ్ళు, మందు కొట్టే రైతన్నలు కళ్ళద్దాలు పెట్టుకునే పని చేయండి.

ఆగకుండా అదే రోజు పోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. చూపు ఉన్నట్టుండి తగ్గడం. కంటికి అడ్డంగా తెర పడినట్టు ఉండడం. మెరుపులు, నల్లటి చుక్కలు ఒక్కసారిగా ఎక్కువ కావడం. కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పితో వాంతులు రావడం. వీటికి "రేపు చూద్దాం" అనేది లేదు.

ఎప్పుడు, ఎక్కడికి, ఏం పట్టుకుని పోవాలి

నలభై దాటితే రెండేళ్లకోసారి. అరవై దాటితే ఏటా. షుగర్ ఉంటే ఏ వయసైనా ఏటా. నీటికాసులు ఉన్న వాళ్ళు డాక్టర్ చెప్పిన తేదీకి.

ముందు మీ ఆశా కార్యకర్తను గానీ, ఏఎన్‌ఎంను గానీ అడగండి. దగ్గరి ప్రభుత్వ దవాఖానలో కంటి పరీక్ష చేసే వాళ్ళు ఏ రోజు ఉంటారో వాళ్ళు చెప్తారు. అక్కడి నుంచి అవసరాన్ని బట్టి ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో రాసి పంపుతారు. పెద్ద సమస్య అయితే వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉన్నాయి.

ఆధార్, రేషన్ కార్డు, పాత అద్దాలు, పాత చీటీలు, రోజూ వాడే బిళ్ళలు, షుగర్ రిపోర్టు ఒక సంచిలో పెట్టుకోండి. చుక్కలు వేసి చూస్తే కొన్ని గంటల దాకా మసకగా ఉంటుంది, వెలుతురు తట్టుకోలేరు. కాబట్టి తోడు ఒకరు ఉండాలి. ఆ రోజు మీరు బండి నడపొద్దు.

మీరు అడిగే ప్రశ్నలు

"కన్ను ఆపరేషన్ చేయించుకుంటే పింఛను పోతదా?"
పోదు. వృద్ధాప్య, వితంతు, బీడీ, గీత, చేనేత పింఛన్లకు మీ చూపుతో సంబంధం లేదు. వికలాంగుల పింఛను వైకల్య సర్టిఫికెట్ మీద ఇస్తారు, అది శాశ్వత లోపానికి ఇచ్చేది. బాగయ్యే శుక్లాన్ని పింఛను కోసం కంట్లో దాచుకోవద్దు. చికిత్స చేసినా చూపు రాని వాళ్ళు వైకల్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోండి.

"శుక్లం బాగా ముదిరినంకనే తీస్తరట కదా?"
అది పాత రోజుల మాట. ఇప్పుడు మీ రోజువారీ పనికి అడ్డం వస్తే చాలు, తీస్తారు. మరీ ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది.

"ఎండాకాలంల చేయించుకోవచ్చునా?"
ఏ కాలంలోనైనా చేయించుకోవచ్చు. డాక్టర్ చెప్పినన్ని రోజులు కంట్లో నీళ్ళు, దుమ్ము పడకుండా చూసుకుని చుక్కలు వేసుకోవాలి.

"ఆపరేషన్ అయి మూడేళ్లయింది, మళ్ళ మసకైతుంది."
కొందరికి కొత్త కటకం వెనకాల పొర వస్తుంది. లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. వేరే కారణం కూడా ఉండొచ్చు. అందుకే చూపించుకోవాలి.

"ఆరోగ్యశ్రీల కంటి జబ్బులు వస్తయా?"
కొన్ని వస్తాయి. మీ జబ్బు అందులో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర కార్డు చూసి చెప్తారు.

"అద్దాలిస్తం, ఆపరేషన్ రాయిస్తమని పైసలు అడుగుతున్నరు."
ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. పంచాయతీ కార్యదర్శికి గానీ, పీహెచ్‌సీ డాక్టర్‌కు గానీ వెంటనే చెప్పండి.

ఈ రోజు ఇంటికి పోయాక

మూడే పనులు చెప్తాను. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరితో ఒక కన్ను మూసి క్యాలెండర్ చూపించండి. మీ అద్దాలు ఏ సంవత్సరంలో ఇచ్చారో గుర్తు చేసుకోండి, రెండేళ్లు దాటితే పరీక్షకు పేరు చెప్పండి. షుగర్ ఉన్న వాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి రేపు ఆశా కార్యకర్తకు ఇవ్వండి.

వచ్చే నెల పింఛను రోజున ఆశా కార్యకర్త ఇక్కడే కూర్చుంటారు. ఎవరెవరు పరీక్ష చేయించుకున్నారో అడిగి రాసుకుంటారు. ఆ జాబితాలో మీ పేరు ఉండాలని కోరుతున్నాను.